వంటింటి బండ ఎందుకు వెలిసింది, సీసా మీది లేబుల్ ఎందుకు చెరిగింది

అమ్మా, చిత్తూరు కట్టమంచి నుంచి మీరు రాసిన ప్రశ్నను ముందుగా నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. ఒక వీడియో చూసి తెల్ల వెనిగరు, వంట సోడా, గిన్నెలు తోమే లిక్విడ్, రెండు నిమ్మకాయల రసం కలిపి ఇంట్లో అన్నిటికీ పనికొచ్చే ద్రవం అంటూ ఒకటి తయారుచేశారు. దానితో నెల రోజులు తుడిచేసరికి స్టవ్ పక్కన వంటింటి నల్ల బండ తెల్లగా వెలిసిపోయింది, స్నానాల గది కుళాయిల మీది గార మాత్రం చెక్కు చెదరలేదు. సీసాకు ఇంటి ప్రింటరులో తీసి అతికించిన లేబుల్ వారం తిరగకుండానే సిరా కారి చదవడానికి వీలు లేకుండా పోయింది. బండకు ఏమైంది, ద్రవాన్ని ఎలా సరిచేయాలి, లేబుళ్లు చెరగకుండా ఎలా అచ్చువేసుకోవాలి అన్నవి మీ మూడు ప్రశ్నలు.

నేను తిరుపతిలో ఒక కళాశాల రసాయనశాస్త్ర ప్రయోగశాలలో ఇరవై ఆరేళ్లు పనిచేసి విరమణ తీసుకున్నాను. ఇంట్లో తుడవడానికి, తోమడానికి కావలసినవి చాలావరకు నేనే చేసుకుంటాను. ప్రయోగశాలలో చేరిన మొదటి రోజు మాకు చెప్పింది ఏమిటంటే, పేరు చెరిగిన సీసా కనిపిస్తే పక్కన పెట్టి పై వాళ్లకు చూపించాలి తప్ప వాసన చూసి పోల్చుకునే ప్రయత్నం చేయకూడదు అని. అందుకే మీ మూడు ప్రశ్నల్లో మీరు చివర, కాస్త మొహమాటంగా అడిగిన లేబుల్ ప్రశ్నే నాకు అన్నిటికంటే ముఖ్యమైనదిగా తోచింది. అయినా బండతోనే మొదలుపెడతాను, ఎందుకంటే లేబుల్ మీద ఏమి రాయాలో అక్కడే తేలుతుంది.

మీరు నల్ల బండ అని రాసింది, మీరు చెప్పిన రంగును, ఇల్లు కట్టిన కాలాన్ని బట్టి, కడప బండ అయి ఉంటుంది. కడప బండ సున్నపురాయి, అంటే అందులో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేటు. బజారులో దొరికే వెనిగరులో నాలుగైదు శాతం ఎసిటిక్ ఆమ్లం ఉంటుంది, నిమ్మరసంలో సిట్రిక్ ఆమ్లం ఉంటుంది. ఆమ్లం తగిలితే సున్నపురాయి పైపొర కరిగి, నునుపు పోయి, వెలుతురు సమంగా ప్రతిఫలించక తెల్లగా కనిపిస్తుంది. అది మరక కాదు, రాయి తినేయబడిన గుర్తు. కాబట్టి ఎంత తోమినా పోదు, తోమేకొద్దీ ఇంకా పెరుగుతుంది. ఇక్కడ తమాషా ఏమిటంటే, మీ కుళాయి మీది గార కూడా దాదాపు అదే పదార్థం. మన వైపు బోరు నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు నీరు ఆవిరైనప్పుడు తెల్లని పొరగా మిగిలిపోతాయి, అందులో ముఖ్యమైనది కాల్షియం కార్బొనేటే. గారను కరిగించే ద్రవం ఏదైనా బండను కూడా కరిగిస్తుంది. అందువల్ల రెంటికీ ఒకే సీసా అన్న ఆలోచనలోనే పొరపాటు ఉంది.

మరి బండ పోయి గార మిగలడం ఏమిటని మీరు అడగవచ్చు. మీ ద్రవంలో ఆమ్లం చాలావరకు ముందే చచ్చిపోయింది. ఒక టీస్పూను వంట సోడా, అంటే సుమారు 5 గ్రాములు, 5 శాతం వెనిగరు 70 మిల్లీలీటర్లలో ఉన్న ఆమ్లాన్ని పూర్తిగా విరిచేస్తుంది. వీడియోలో ఘనంగా చూపించే ఆ నురగ, రెండూ ఒకదాన్నొకటి నిర్వీర్యం చేసుకుంటూ వదిలే కార్బన్ డయాక్సైడు వాయువు మాత్రమే, మిగిలేది సోడియం ఎసిటేటు కలిసిన నీళ్లు. మీరు వేసిన సోడా మొత్తం ఆమ్లానికి సరిపోలేదు కాబట్టి కొద్దిపాటి ఆమ్లం మిగిలింది. నిలువుగా ఉన్న కుళాయి మీద అది క్షణంలో జారిపోయింది, బల్లపరుపుగా ఉన్న బండ మీద రోజూ నిలిచి ఆరింది. బలం తక్కువైనా సమయం దొరికిన చోట పని జరిగింది.

మీ బండ కడప బండో గ్రానైటో తేల్చుకోవాలంటే, ఎవరికీ కనిపించని మూలలో ఒక చుక్క నిమ్మరసం వేసి రెండు మూడు నిమిషాలు ఆగి తుడవండి. సన్నటి బుడగలు లేచినా, తుడిచిన చోట మసక వలయం మిగిలినా అది సున్నపురాయే. కుప్పం వైపు గనుల నుంచి వచ్చే గ్రానైటు అయితే అంత త్వరగా మారదు. పాలరాయి, మొజాయిక్, సిమెంటు గచ్చు, పలకల మధ్య పూసిన సిమెంటు గీతలు, వీటన్నిటినీ కడప బండ జాబితాలోనే వేసుకోండి. వెలిసిన చోటును ఇంట్లో బాగుచేయలేరు. కొబ్బరినూనె పలచగా రాస్తే కొన్నాళ్లు నల్లగా కనిపిస్తుంది, అంతే. అసలైన మరమ్మతు రాయి పాలిష్ పట్టేవాళ్లు చేయాలి. మీది అద్దె ఇల్లు కాబట్టి ఈ సంగతి యజమానికి మీరే ముందుగా చెప్పడం మంచిది.

ఇక ద్రవాల విషయం. నా అలమరలో మూడు సీసాలు, ఒక పొడి డబ్బా తప్ప ఎక్కువ ఉండవు.

మొదటిది గారకు. కిరాణా కొట్టులో నిమ్మ ఉప్పు పేరుతో అమ్మే సిట్రిక్ ఆమ్లం 30 గ్రాములు లీటరు గోరువెచ్చని నీళ్లలో కలిపితే చాలు. నీళ్లు మరిగించవద్దు, వేడి పెరిగితే కాల్షియం సిట్రేటు సరిగా కరగక మళ్లీ తెల్లపొడిగా పేరుకుంటుంది. కుళాయికి దీన్ని చల్లడం కాదు, పాత నూలు గుడ్డను తడిపి కుళాయి చుట్టూ చుట్టి ఇరవై నిమిషాలు ఉంచి, ఆ తరువాత పాత పళ్ల బ్రష్‌తో రుద్ది మంచినీళ్లతో కడగాలి. షవరు తలకాయను విప్పి ఇందులోనే నానబెట్టవచ్చు. చాలా ఏళ్ల గార ఒక్కసారికి పోదు, రెండు మూడు విడతలు పడుతుంది. వెనిగరుతో పోలిస్తే ఇది చవక, వాసన లేదు. పెరటాసి శనివారాలకు ముందు ఇత్తడి దేవుడి సామాను తోమడానికి మన పెద్దవాళ్లు వాడే చింతపండు చేసే పని కూడా ఇదే, అక్కడ టార్టారిక్ ఆమ్లం రాగి చిలుమును కరిగిస్తుంది. అయితే ఇత్తడిని ఏ ఆమ్లంలోనూ నానబెట్టి మరిచిపోకూడదు, అందులోని జింకు కరిగిపోయి పాత్ర ఎర్రబారుతుంది. తోమి, కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడవాలి.

రెండోది జిడ్డుకు. చాకలి సోడా, అంటే సోడియం కార్బొనేటు, లీటరు వేడినీళ్లకు 15 గ్రాములు కలిపితే స్టవ్ వెనక పలకల మీది నూనె పొర వదులుతుంది. చిమ్నీ జాలీ నానబెట్టడానికి 50 గ్రాముల వరకు వేసి అరగంట ఉంచవచ్చు, కానీ ఆ జాలీ స్టీలుదై ఉండాలి. అల్యూమినియం జాలీని, అల్యూమినియం గిన్నెలను ఇందులో వేస్తే నల్లబడి గుంటలు పడతాయి. ఇది వంట సోడా కంటే చాలా ఘాటైన క్షారం, చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు. పొడి చూడటానికి ఉప్పులాగే ఉంటుందన్న సంగతి గుర్తుంచుకోండి, లేబుల్ దగ్గర మళ్లీ వస్తాను.

మూడోది కుంకుడు నీళ్లు, రోజువారీ తుడుపుకు, మీ కడప బండకు. గింజ తీసిన కుంకుడుకాయలు 50 గ్రాములు లీటరు నీళ్లలో రాత్రి నానబెట్టి, పొద్దున పదిహేను ఇరవై నిమిషాలు సన్నని సెగ మీద మరిగించి, చల్లారాక పిసికి పలచటి గుడ్డలో వడకట్టాలి. సబ్బు మన ఉప్పు నీళ్లలోని కాల్షియంతో కలిసి తెట్టులా మారుతుంది, స్నానాల బకెట్టు అంచున కనిపించే బూడిదరంగు పొర అదే. కుంకుడులో నురగనిచ్చే సాపొనిన్లనే పదార్థాలకు ఆ బెడద లేదు. మన నీళ్లకు కుంకుడు సరిపోయినట్టు ఖరీదైన సబ్బు కూడా సరిపోదని నా నమ్మకం. దీనికున్న లోపం ఒక్కటే, నిలవ ఉండదు. మే నెలలో తిరుపతి ఎండకు బయట పెడితే మూడో రోజుకే పులిసిన వాసన వస్తుంది, ఫ్రిజ్‌లో వారం పది రోజులు ఆగుతుంది. మంచు ముక్కల ట్రేలో గడ్డకట్టించి కావలసినప్పుడు రెండు ముక్కలు కరిగించుకోవడం నాకు కుదిరిన పద్ధతి. నిలవ కోసం నిమ్మ ఉప్పు కలపమని కొందరు చెబుతారు, అలా చేస్తే నిలుస్తుంది కానీ మీ బండకు పనికిరాకుండా పోతుంది. కళ్లలో పడితే ఎంత మండుతుందో చిన్నప్పుడు తలంటు పోయించుకున్న వాళ్లందరికీ తెలుసు కాబట్టి అది నేను చెప్పనక్కరలేదు.

పొడి డబ్బాలో ఉండేది బ్లీచింగ్ పౌడరు. వెనిగరు, నిమ్మ, కుంకుడు ఏవీ క్రిమిసంహారకాలు కావు. ఇంట్లో ఎవరికైనా వాంతులు విరేచనాలు పట్టుకున్నప్పుడు మరుగుదొడ్డి శుభ్రం చేయడానికి వాటిని నమ్ముకోవద్దు. కొత్త బ్లీచింగ్ పౌడరులో 30 నుంచి 35 శాతం వరకు క్లోరిన్ లభ్యమవుతుంది, 15 గ్రాములు లీటరు నీళ్లలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట తీసుకుంటే సుమారు అర శాతం ద్రావణం వస్తుంది. ముందు మురికి కడిగి, తరువాత ఇది పోసి పది నిమిషాలు ఉంచి కడగాలి. ఏ రోజుకు ఆ రోజు కలపాలి, సీసాలో దాచకూడదు. గాలి, తేమ తగిలితే పొడి కూడా బలం కోల్పోతుంది, కాబట్టి డబ్బా మూత గట్టిగా ఉండాలి.

ఇది వాడిన చోట నిమ్మ ఉప్పు గానీ, వెనిగరు గానీ, మరుగుదొడ్డికి పోసే యాసిడ్ గానీ తగిలితే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. తలుపు మూసిన చిన్న స్నానాల గదిలో అది ప్రాణాల మీదికి తెస్తుంది. చాలా ఇళ్లలో పొరపాటు ఒకే తీరులో జరుగుతుంది. ఒకరు పొద్దున పొడి చల్లి వెళతారు, ఆ సంగతి తెలియని ఇంకొకరు మధ్యాహ్నం యాసిడ్ పోస్తారు. తెలియక జరిగే ఈ పనికి తెలివితేటలతో సంబంధం లేదు, చెప్పే కాగితం గోడ మీద లేకపోవడమే కారణం. ఘాటు వాసన వస్తే కడిగేద్దామని నిలబడకుండా బయటికి వచ్చేసి, తలుపులు తెరిచి, గాలి ఆడనివ్వాలి.

నారింజ, బత్తాయి తొక్కలతో చేసే బయో ఎంజైము గురించి కూడా మీరు ఒక మాట అడిగారు. ఒక పాలు బెల్లం, మూడు పాళ్లు తొక్కలు, పది పాళ్లు నీళ్లు కలిపి మూడు నెలలు పులియబెట్టే పద్ధతి అది. నేనూ చేశాను. పళ్లరసం బండి దగ్గర తొక్కలు ఊరికే ఇస్తారు, చిత్తూరు బెల్లానికి కొదవ లేదు. వాసన బాగుంటుంది, నేల తుడవడానికి పనికొస్తుంది, అయితే అందులో పనిచేసేది ముఖ్యంగా పులిసినందువల్ల పుట్టిన ఆమ్లమే కాబట్టి పేరు చూసి కడప బండ మీద పోయకండి. మొదటి నెల రోజూ మూత వదులు చేసి వాయువును వదలాలి, సీసాలో పైన కొంత ఖాళీ ఉంచాలి. నేను ఒక వేసవిలో గాజు సీసాలో పెట్టి రెండు రోజులు ఊరికి వెళ్లి వచ్చేసరికి అలమరలో గాజు పెంకులు, గోడ నిండా బత్తాయి తొక్కలు. అప్పటి నుంచి మందపాటి ప్లాస్టిక్ డబ్బాలోనే పెడుతున్నాను.

ఇప్పుడు లేబుళ్లు. తిరుపతిలో ఇల్లున్న వాళ్లకు బంధువుల రాకపోకలు ఎలా ఉంటాయో మీకు తెలియనిది కాదు. కొన్నేళ్ల కిందట బ్రహ్మోత్సవాలకు కొండకు వెళుతూ మా ఇంట్లో దిగిన ఒక పెద్దాయన, రాత్రిపూట దాహమై, వంటింటి గట్టు మీద మంచినీళ్ల సీసాలో నేను కలిపి పెట్టిన నిమ్మ ఉప్పు నీళ్లు ఒక గుక్క నోట్లో పోసుకున్నారు. పుల్లగా తగిలేసరికి ఉమ్మేశారు, ఏమీ కాలేదు, పొద్దున నవ్వుకున్నాం. ఆ రాత్రి నాకు మాత్రం నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఆ పక్కనే అలాంటి సీసాలోనే చాకలి సోడా నీళ్లు ఉన్నాయి, అది గొంతును కాల్చేది. ఇరవై ఆరేళ్లు లేబుళ్లు రాసిన మనిషి ఇంట్లో జరిగిన సంగతి ఇది. ఆనాటి నుంచి నీళ్ల సీసా, కూల్‌డ్రింకు సీసా ఈ పనికి వాడటం మానేశాను. ముందు కొనుక్కున్న నేల తుడిచే ద్రవాల ఖాళీ సీసాలే కడిగి వాడతాను, పాత లేబుల్ పూర్తిగా తీసేశాకనే. కొబ్బరినూనె, వంట సోడా ముద్దగా కలిపి పది నిమిషాలు పట్టిస్తే పాత జిగురు ఊడిపోతుంది. యాసిడ్ వచ్చిన సీసాను మాత్రం మళ్లీ దేనికీ వాడవద్దు.

మీ లేబుల్ చెరగడానికి కారణం ఇంక్‌జెట్ ప్రింటరు. ఆ సిరాల్లో చాలావరకు నీటిలో కరిగేవే. జిరాక్స్ షాపుల్లో ఉండే లేజరు ప్రింటరు టోనరు పొడిని వేడితో కాగితానికి అతికిస్తుంది, అది తడికి కారదు. కాబట్టి లేబుల్ ఇంట్లో తయారుచేసుకుని, అచ్చు మాత్రం బయట తీయించండి. ఇంటి ప్రింటరే వాడాలనుకుంటే పైన వెడల్పాటి పారదర్శక టేపు తప్పదు.

ఏ4 కాగితం 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల పొడవు. దాన్ని మూడు నిలువు వరుసలు, ఎనిమిది అడ్డ వరుసలుగా విభజిస్తే ఒక్కొక్కటి 70 మిల్లీమీటర్ల వెడల్పు, 37 మిల్లీమీటర్ల ఎత్తుతో ఇరవై నాలుగు లేబుళ్లు వస్తాయి. ఈ కొలతను నేను ఊరికే ఎంచుకోలేదు. బజారులో దొరికే రెండంగుళాల టేపు సుమారు 48 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. 37 మిల్లీమీటర్ల లేబుల్ మీద దాన్ని అతికిస్తే పైనా కిందా అయిదేసి మిల్లీమీటర్లు మిగిలి సీసాకే అంటుకుంటుంది, నీరు కాగితం అంచు దాకా చేరదు. పక్కలకూ అంతే మిగిల్చి కత్తిరించండి. అతికించే ముందు సీసాను జిడ్డు లేకుండా తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. మామూలు కాగితమే చాలు, స్టిక్కర్ షీట్ అయితే ఇంకా సులువు. మైదా జిగురు మాత్రం వద్దు, వారంలో బొద్దింకలు వచ్చి మీ కంటే శ్రద్ధగా చదువుతాయి.

లిబ్రే ఆఫీస్ రైటరులోనో వర్డులోనో మూడు నిలువు, ఎనిమిది అడ్డ గడుల పట్టిక గీసి, పేజీ అంచులు సున్నా చేసి, గడి ఎత్తును 37 మిల్లీమీటర్లకు స్థిరపరచండి. ప్రింటర్లు కాగితం చివరి దాకా అచ్చువేయలేవు కాబట్టి ప్రతి గడిలోనూ అక్షరాలు అంచుకు ఆరేడు మిల్లీమీటర్లు లోపలే ఉండాలి. ద్రవం పేరుకు రామభద్ర వంటి లావు ఫాంటు 14 పాయింట్లలో, మిగతా వాటికి మండలి వంటి ఫాంటు 10 పాయింట్లకు తగ్గకుండా వాడండి. అంతకంటే చిన్నదైతే ఒత్తులు, గుడులు కలిసిపోయి కళ్లజోడు పెట్టుకున్నా కనిపించవు. షాపుకు ఫైలును పీడీఎఫ్‌గా మార్చి తీసుకెళ్లాలి. డీటీపీ సెంటర్లలో ‘అను’ అనే పాత తరహా తెలుగు ఫాంట్ల అలవాటు ఎక్కువ, మీ యూనికోడ్ ఫాంటు వాళ్ల కంప్యూటరులో లేకపోతే అక్షరాలు చెదిరిపోతాయి. వాట్సాప్‌లో పంపితే ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి, అచ్చు తీసేటప్పుడు పేజీకి సరిపెట్టే ఎంపిక కాకుండా నూరు శాతం కొలతలో తీయమనండి. లేకపోతే నేను కష్టపడి చెప్పిన 37 మిల్లీమీటర్లు 35 అయి కూర్చుంటాయి.

లేబుల్ మీద ఏమి రాయాలన్నదానికి నా సీసా మీదిదే చెబుతాను. పై వరుసలో ‘గార నీళ్లు, తాగకూడదు’ అని ఉంటుంది. దాని కింద ‘నిమ్మ ఉప్పు 30 గ్రాములు, నీళ్లు ఒక లీటరు’ అని, తరువాత ‘కుళాయికి, షవరుకు వాడాలి, కడప బండకు, మొజాయిక్‌కు వద్దు’ అని, ఆ తరువాత ‘బ్లీచింగ్ పౌడరు చల్లిన చోట పోయవద్దు’ అని, చివర తయారుచేసిన తేదీకి ఖాళీ గడి ఉంటుంది. తేదీని అచ్చువేయకండి, టేపు మీద మార్కరు పెన్నుతో రాసుకుని ప్రతిసారీ స్పిరిటుతో తుడిచి మార్చుకోవచ్చు. కుంకుడు నీళ్లకు తేదీ లేకపోతే లేబులే దండగ. పాళ్లు రాయడం మన సౌకర్యానికే కాదు, పొరపాటున ఎవరైనా మింగితే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, నోరు కడిగించి, 108కి ఫోను చేసి, ఆ సీసాను వెంట తీసుకెళితే డాక్టరు చదవవలసిన వరుస అదే.

మీ ఇంట్లో పనికి వచ్చే ఆవిడ వేలూరు వైపు మనిషి, తెలుగు చదవలేదని రాశారు. చిత్తూరులో ఇది మామూలే. పేరును తమిళంలో కూడా ఒక వరుస వేయండి, అసలు చదువు రాని వాళ్ల కోసం రంగు పెట్టండి. ఆమ్లానికి ఎర్ర పట్టీ, సోడాకు నీలం, కుంకుడుకు ఆకుపచ్చ అని నేను పెట్టుకున్నాను. రంగు అచ్చు ఖర్చు అనుకుంటే నలుపులో తీయించి స్కెచ్ పెన్నుతో పట్టీ దిద్దుకోవచ్చు, పైన టేపు ఎలాగూ ఉంటుంది. చాకలి సోడా పొడి డబ్బాను వంటింట్లో పెట్టనే వద్దు, ఉప్పు డబ్బా పక్కన అయితే అసలే వద్దు.

మరొక్క కాగితం అచ్చు తీయించండి. ఏ4 నిండా రెండు భాగాలుగా, పైన ఏ ఉపరితలానికి ఏ రంగు సీసా అన్నది, కింద లావు అక్షరాల్లో బ్లీచింగ్‌తో కలపకూడనివి. దాన్ని లామినేషన్ చేయించి స్నానాల గది తలుపుకు బయటివైపు, కంటి ఎత్తులో అతికించండి. దాని అడుగున చిన్న ఖాళీ గడి వదిలి, బ్లీచింగ్ పొడి చల్లినవాళ్లు మార్కరుతో వేళ రాసి, కడిగాక చెరిపేసే అలవాటు చేయండి. మా ఇంట్లో ఇది కుదరడానికి రెండు నెలలు పట్టింది, మొదట్లో ఆ గడిలో మనవడు బొమ్మలు వేశాడు.

ఇప్పుడు మీ దగ్గర మిగిలిన ఆ ద్రవాన్ని దాచుకోకండి. నీళ్లు ఎక్కువగా కలిపి సింకులో పారబోసి, సీసాను రెండుసార్లు కడిగి ఆరబెట్టండి. కుంకుళ్లు ఈ రాత్రికే నానబెట్టుకుంటే రేపటి నుంచి బండను వాటితో తుడవవచ్చు.